కాయ పడినా చెక్కుచెదరని నేల

ఆ ఆదివారం సుబ్రహ్మణ్యేశ్వరరావు గారి పథకం చాలా చిన్నది. కాఫీ తాగి రాజోలు వెళ్ళాలి, డాబాకీ బాల్కనీకీ టైల్స్ ఎంచాలి, పులుసు చల్లారేలోగా తిరిగి రావాలి. సంచిలో మాత్రం పీచు ఒలవని కొబ్బరికాయలు రెండు పెట్టుకున్నారు.

"టైల్స్ కొట్టుకి కాయలెందుకండీ?" అంది భార్య సత్యవేణి.

"పెళ్ళిచూపులకే. కాయకి నచ్చితేనే నేల ఖాయం!"

పెరట్లో కొబ్బరిచెట్టు డాబా మీదికి వాలి ఉంటుంది. సత్యవేణి కాపురానికొచ్చిన ఏడు తన చేత్తో నాటుకున్న మొక్క. కాయ రాలినప్పుడల్లా గచ్చు గుంటపడి, వాననీళ్ళు నేరుగా రావుగారి మంచం మీదికి దిగేవి. చెట్టన్నా కొట్టించాలి, నేలన్నా మార్పించాలి అన్నాడు మేస్త్రి. చెట్టు జోలికి వెళ్ళనని రావుగారు భార్యకి మాటిచ్చేశారు. కాయకష్టం ఎరగని మనిషికి అలా కాయ కష్టం వచ్చిపడింది.

రాజోలులో నాగబాబు టైల్స్ కొట్లో ఆయన స్టూలెక్కి, కింద పరిచిన టైల్ మీద కాయ వదిలారు. మొదటిది పగిలింది. రెండోదీ పగిలింది. మూడోదాని మీంచి కాయే ఎగిరి నాగబాబు ఒళ్ళో కూర్చుంది.

"ఇదీ నేలంటే!"

"ఆయ్, గట్టిదేనండీ. కానీ ఇది హాల్లో వేసే నున్నటి సరుకండీ. తడిస్తే జారిపోద్దండీ. డాబాకి గరుకుది తీసుకోండి."

"గరుకుది పగిలింది కదయ్యా! మా డాబా మీద పడేది కాయలు, మనుషులు కాదు."

టైల్స్ వేయించిన పది రోజులకి చినుకు పడింది. ఆ రోజే ఎర్రయ్య కొబ్బరి దింపుకి వచ్చాడు. ముప్పై ఏళ్ళుగా అతను కాయలు దింపాక చెట్టు మీంచి డాబా మీదికే అడుగేసి, సత్యవేణి ఇచ్చే కాఫీ తాగుతాడు. ఆ వేళా అడుగేశాడు. కాలు తూర్పుకి పోతే మనిషి పడమరకి పోయాడు. మణికట్టు విరిగింది.

"చెట్టు మీంచి ఎప్పుడూ పడలేదండీ. నేల మీద పడ్డానండీ," అన్నాడు ఎర్రయ్య, అదే సిగ్గన్నట్టు.

కబురు దింపువాళ్ళందరికీ పాకింది. "అద్దాల డాబాకా? మేం రామండీ," అన్నారు. దింపేవాళ్ళు లేక ముదిరిన కాయలు వాటంతటవే దిగడం మొదలెట్టాయి. టైల్ చెక్కుచెదరలేదు. కాయ మాత్రం ఎగిరి, క్యారమ్స్ స్ట్రైకర్‌లా జారి, బాల్కనీ ఊచల సందులోంచి పక్కింటి వీర్రాజు కొత్త బండి మీద పడింది. రెండోది అతని అరుగు మీద పడింది.

"ఇన్నాళ్ళూ మీ కాయలు మీ గచ్చులోనే గుంట చేసుక్కూర్చునేవండీ," అన్నాడు వీర్రాజు, గొంతు పెంచకుండానే. "ఆ అరుగు మీద మా మనవరాలు ఆడుకుంటాదండీ."

రావుగారు మేస్త్రి దగ్గరికి పరిగెత్తారు. "పీకెయ్యవయ్యా!"

"దీన్ని పగలగొడితే కింద శ్లాబ్ లేచిపోద్దండీ. అంత గట్టిది ఎంచేరు."

చివరికి ఆ మాట సత్యవేణే అంది. "కొట్టించెయ్యండి. పిల్ల తల కంటే ఎక్కువా?"

చెట్టు కొడుతున్నంతసేపూ ఆవిడ బయటికి రాలేదు. రావుగారు ఊచ పట్టుకుని నిలబడ్డారు. గొడ్డలి దెబ్బ పడ్డప్పుడల్లా "నాగబాబు చెప్పేడు" అని గొణుక్కున్నారు. సాయంత్రం ఆవిడ అలవాటుగా ఎర్రయ్య గ్లాసులో కూడా కాఫీ పోసి, చూసుకుని, తిరిగి గిన్నెలో ఒంపేసింది.

ఎన్ని కాయలు పడినా చెక్కుచెదరని ఆ డాబా మీద, ఇప్పుడు చినుకు పడితే పడేది రావుగారొక్కరే.