పాట మాన్పించే పీహెచ్‌డీ

పాడే అలవాటు మానుకోలేక బాధపడుతున్నారా? వెంటనే సంగీత విద్యలో పీహెచ్‌డీకి చేరండి! అయిదేళ్లలో ఆ జబ్బు సమూలంగా కుదురుతుంది. పూచీ నాది.

నమ్మకం కుదరకపోతే జహీరాబాద్ వచ్చి భవాని టీచర్‌ని చూడండి. హైవే పక్కన ఒక ప్రైవేటు బడిలో ఆమె సంగీతం చెబుతుంది. ఒకప్పుడు తెల్లారకముందే శ్రుతి బాక్సు పెట్టుకుని గొంతెత్తేది. ఇప్పుడు ఆ ఇంట్లోంచి కంప్యూటర్ కీబోర్డు టకటకలు తప్ప ఏమీ వినిపించవు. పై వాటాలో ఉండే రత్నమ్మ ఉండబట్టలేక ఒకరోజు అడిగింది.

"పాట ఇనవడ్తలేదు, తబియత్ మంచిగ లేదా బిడ్డా?"

"పీహెచ్‌డీ చేస్తున్న అమ్మా."

"అయ్యో! దవాఖానల చూపిచ్చుకోరాదు మరి."

ఇంతటి భాగ్యం ఆమెకు పట్టింది బడి కరస్పాండెంట్ విరూపాక్ష గారి చలవ వల్లే. సంగీతం పీరియడ్ ఎత్తేసి, దాని బదులు అబాకస్ పెడదామని ఆయనకు ఆలోచన వచ్చింది. భవాని ఆఫీసు గదిలోకి పరుగెత్తింది.

"పాటతోని పిల్లల చదువు మంచిగైతదని మీరంటున్నరు. నేను కాదంటలేను," అన్నారాయన. "కాని జర కాయితం మీద చూపెట్టున్రి మేడం. చూపెడితే పీరియడ్ ఉంచుత."

కాయితమే కదా అని భవాని పీహెచ్‌డీలో చేరింది. వారానికి రెండు పీరియడ్లు దక్కించుకోవడానికి అయిదేళ్ల చదువు! ఇంతకంటే దగ్గర దారి ఉందేమో మీరే చెప్పండి.

మొదటి ఏడాది గైడు గారి సంతకాల కోసం హైదరాబాద్ బస్సుల్లో గడిచిపోయింది. రెండో ఏట ఆమె రాసిన మొదటి అధ్యాయాన్ని కంప్యూటర్ తనిఖీ చేసి, స రి గ మ ప ద ని అనేవి ఇదివరకే ఎవరో రాశారనీ, ఇది కాపీ అనీ తేల్చింది. "పోనీలే, సొంత మాటల్లో రాసుకురామ్మా," అన్నారు గైడు గారు దయతో.

అసలు వైభవం మూడో ఏట మొదలైంది. పాట వల్ల మేలుందని రుజువు చేయాలంటే పాట తగలని పిల్లలు కూడా కావాలి కదా? అందుకని అయిదో తరగతి 'ఏ' సెక్షన్‌కి రోజూ పాట. బి సెక్షన్‌కి ఆరు నెలలు పాట బంద్. ఆ గంటలో వాళ్లు నోరు మూసుకుని కాపీ రైటింగ్ రాసుకోవాలి. పాటను కాపాడటానికి సగం మంది పిల్లల నోళ్లు మూయించాలన్న ఉపాయం మీకూ నాకూ తడుతుందా? బాగా చదువుకున్నవాళ్లకే తడుతుంది!

బి సెక్షన్ పిల్లలు పది రోజులు అలిగారు. ఆ తర్వాత చప్పుడు లేదు. ఆ చప్పుడు లేకపోవడం చూసైనా భవాని అనుమానించాల్సింది.

అయిదో నెలలో ఒక సాయంత్రం మొగుడంపల్లి వెళ్లే బడి బస్సులోంచి పాట వినిపించింది. తను 'ఏ' సెక్షన్‌కి నేర్పిన పాటే. ఎక్కడా శ్రుతి తప్పలేదు. పాడుతున్నది బి సెక్షన్ పూజిత.

"నీకెవరు నేర్పిన్రు?"

పూజిత నాలిక కరుచుకుంది. "మా క్లాసుకు 'ఏ' సెక్షన్‌కు నడుమ చెక్క గోడే గద టీచర్. చెవి పెడితే ఇనవడ్తది. ఇనవడనిది వాళ్లు బస్సుల చెప్తరు. మాకందరికి వచ్చు."

"అందరికా?"

"మంజునాథ్‌కు ఒక్కనికే రాదు. వాడు ఎప్పుడు చూసినా చెరుకు తింటనే ఉంటడు."

భవానికి ఆ పిల్లను ఎత్తుకుని ముద్దాడాలనిపించింది. ఆ వెంటనే తన పరిశోధన ఏమైపోయిందో తట్టింది. శిష్యురాలు చక్కగా పాడితే హడలిపోయిన సంగీతం టీచర్ని మీరెక్కడైనా చూశారా? ఇలాంటి అనుభవాలు పీహెచ్‌డీ వాళ్లకే దక్కుతాయి.

అనుకున్నంతా అయింది. ఆఖరు పరీక్షలో రెండు సెక్షన్లూ బ్రహ్మాండంగా రాశాయి, దాదాపు ఒకే మార్కులు! ఎందుకలా జరిగిందో భవాని నాలుగు పేజీలు మనసు పెట్టి రాసింది. చెక్క గోడ, బస్సు, పిల్లల దొంగ చదువు, అన్నీ. గైడు గారు ఆ నాలుగు పేజీలూ కొట్టేశారు.

"గోడకు చెవి పెట్టడాన్ని కొలిచిన ప్రశ్నావళి ఉందా? కొలవనిది జరగనట్టేనమ్మా."

మళ్లీ మొదటి నుంచి చేస్తానంటే, అప్పటికే అయిదో ఏడు నడుస్తోంది, గడువు లేదన్నారు. చివరికి ముగింపులో ఒక్క వాక్యం మిగిలింది. పాట నేర్చిన పిల్లలకూ నేర్వని పిల్లలకూ మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు.

పట్టా వచ్చింది. బడి గేటుకు భవాని ఫోటోతో ఫ్లెక్సీ కట్టారు. విరూపాక్ష గారు శాలువా కప్పి, ఆమె గ్రంథంలో ఆఖరు పేజీ మాత్రం శ్రద్ధగా చదివారు.

"ఫరక్ లేదని మీరే రాసిన్రు గద మేడం. సోమవారం సంది ఆ పీరియడ్‌ల అబాకస్ పెడ్తున్న."

"సార్, బి సెక్షన్ పిల్లలు చాటుంగ నేర్చుకున్నరు. పాటంటే వాళ్లకు అంత పానం. అందుకే ఫరక్ రాలేదు." అంది భవాని.

"గది బుక్కుల ఉన్నదా?"

లేదు.

కాబట్టి మహాశయులారా, మీకు గిట్టనిది ఏదైనా ఉంటే దాన్ని నిషేధించకండి, నలుగురూ తిడతారు. దాన్ని ప్రాణంగా ప్రేమించే మనిషిని వెతికి, అది మంచిదని రుజువు చేయమని చెప్పండి. అయిదేళ్లు ఓపిక పట్టండి. అది పనికిరాదని ఆ మనిషే స్వయంగా రాసి, అట్ట బైండింగ్ చేయించి, కింద సంతకం పెట్టి మరీ తెచ్చిస్తుంది.