కుటుంబ శనివారంలో బూతుపాట

"మిత్రమా సిక్స్టెన్, ఈ స్వీడన్ దేశంలో నేరస్తులకి కంటి మీద కునుకు లేదంటే దానికి ఒక్కటే కారణం. నేను మేలుకుని ఉండడం," అన్నాడు ఫోల్కె, నా వంటింట్లో కూర్చుని, నా కాఫీ తాగుతూ, నా దాల్చినచెక్క బన్ను తింటూ. "నా మెదడుని నేను పొగుడుకోకూడదు. కానీ ఇంకెవరూ పొగడ్డం లేదు. ఏం చేయను చెప్పు?"

రెండో బన్ను కూడా ఆయన వైపు జరిపాను.

ఫోల్కెది మా పక్క ఫ్లాటు. మునిసిపాలిటీలో చెత్తడబ్బాలు తనిఖీ చేసే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. గాజుసీసాల డబ్బాలో పాలపెట్టె ఎవరు పడేశారో వాసన చూసి చెప్పగలనని గొప్ప. రిటైరయ్యాక ఆ ముక్కుకి పని లేక అపరాధ పరిశోధకుడైపోయాడు. కిందటేడు మా అపార్టుమెంటు బట్టలుతికే గదిలో ఎవరిదో ఒంటి సాక్సు మాయమైతే, చర్చి పాస్టరుగారిని అనుమానించి, నడివీధిలో పంట్లాం పైకెత్తి చూపించమన్నాడు. చివరికి చూస్తే ఆ సాక్సు ఫోల్కె కాలికే ఉంది. "చూశావా, ఈ ముఠా నా కాలి దాకా వచ్చేసింది," అన్నాడు తప్ప కొంచెం కూడా సిగ్గుపడలేదు.

అలాంటివాణ్ణి ఎందుకు పిలిచావయ్యా అంటారేమో. నేను పిలవలేదు. నాకు కష్టం వచ్చిందని తెలిసి ఆయనే వచ్చాడు. రెండో కష్టం ఆయనే.

మొదటి కష్టం ఇదీ. మా ఊరి ఆటల హాల్లో ఇన్నెబాండి ఆడతారు. చిల్లుల బంతిని కర్రలతో కొట్టుకుంటూ చచ్చేలా పరిగెత్తే ఆట. ఆ మ్యాచులకి పాటలు వేసేది నేను. పైన అద్దాల గదొకటి ఉంది, అందులో నేనూ, మైకూ, పాటల మిషనూ. మా ఆవిడ అల్వా పోయాక నాకు వారం మొత్తంలో మనుషుల సందడి వినబడేది ఆ గదిలోనే. అది కూడా పోయిందంటే నాకు శనివారం కూడా మంగళవారమే.

సరిగ్గా దానికే ఎసరొచ్చింది. శనివారం మధ్యాహ్నాలు మాకు కుటుంబ మ్యాచులు. చంటిపిల్లలు, తాతలు, బామ్మలు, తోపుడుబళ్ళు, అంతా తిరనాళ్ళే. కిందటి రెండు కుటుంబ మ్యాచుల్లోనూ విరామం టైములో, నా మిషను ఆపేసి ఉండగా, స్పీకర్లలోంచి ఎవడో ఇంగ్లీషులో గడగడా అరుస్తూ ఒక పాట పాడాడు. నాకొచ్చిన ఇంగ్లీషు రైలు టికెట్టు కొనుక్కోవడానికి సరిపోతుంది, అంతే. కానీ తల్లిదండ్రులకి అర్థమైంది. పచ్చి బూతులట. పిల్లలకి అర్థం కాలేదు గానీ నోటికి వచ్చేసింది. ఒక ఆరేళ్ళ పిల్ల వాళ్ళ ముత్తాత అంత్యక్రియలయ్యాక అందరికీ ఇచ్చే కాఫీ దగ్గర కేకు పళ్ళెం పట్టుకుని మొదటి చరణం మొత్తం పాడేసిందట.

మర్నాడే క్లబ్బు అధ్యక్షురాలు మైవోర్ నన్ను పిలిపించింది. ఒక్క వెంట్రుక కూడా బయటికి రాకుండా జుట్టు బిగించి కట్టుకుని, నవ్వు కూడా అలాగే బిగించి కట్టుకునే మనిషి.

"సిక్స్టెన్ గారూ, ఆ పాట నేను వినలేదు. ఆ టైములో పక్క చిన్న హాల్లో పెన్షనర్లకి వ్యాయామం క్లాసు చెప్తుంటాను. కానీ ఇంతమంది చెప్తుంటే అబద్ధమనలేను. పిల్లలొచ్చే చోట అలాంటి పాటలేమిటండీ?"

"నేను వేయలేదండీ. మిషను ఆపే ఉంది."

"ఆపిన మిషను పాడుతుందా? వచ్చే శనివారం కూడా ఆ పాట వినబడిందంటే మీరిక ఆ గదికి రానక్కర్లేదు. వేరే మనిషిని చూసుకుంటాం."

ఇంటికొచ్చి ఏడ్చినంత పని చేశాను. అప్పుడు తలుపు తట్టాడు ఫోల్కె.

"ఇది మామూలు పాట కాదురా. ఇది పిల్లల మెదళ్ళ మీద యుద్ధం," అన్నాడు బన్ను మింగి. "దీని వెనక అంతర్జాతీయ హస్తం ఉంది. ముందు సాక్షుల్ని పట్టుకోవాలి."

సాక్షులంటే తల్లిదండ్రులు. వాళ్ళని కిరాణా దుకాణం క్యూలో పట్టుకున్నాడు. చిక్కేమిటంటే ఆ పాటలో మాటలు నోటితో అనడానికి ఎవరూ ఒప్పుకోరు. యోయెల్ అని ఒక బక్కపల్చటి తండ్రి, ఎర్రగా కందిపోయి, అటూ ఇటూ చూసి, ఫోల్కె చెవిలో చెప్పాడు. ఫోల్కెకి ఆ చెవి సరిగా వినబడదు.

"ఏమిటీ? ఎక్కడ పట్టుకుంటాడూ?" అన్నాడు, బంగాళాదుంపల బుట్టల దాకా వినబడేలా.

"అబ్బా, మెల్లగా పెద్దాయనా."

"మెల్లగా పట్టుకుంటాడా?"

యోయెల్ బుట్ట అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు. "పారిపోయాడు, అనుమానితుడు నంబర్ వన్," అన్నాడు ఫోల్కె. దుకాణంలో అందరూ మమ్మల్ని చూడకుండా ఉండడానికి పెరుగు డబ్బాల మీద రాతలు చదువుతూ నిలబడ్డారు. మా ఊళ్ళో ఇంతకంటే పెద్ద అవమానం ఉండదు.

తర్వాత నా పాటల మీద పడ్డాడు. పిల్లలకి తగిన పాటేదో, తగనిదేదో తనే తేలుస్తానన్నాడు. నేనొక్కొక్కటీ వినిపిస్తుంటే కళ్ళు మూసుకుని తీర్పులు చెప్పాడు.

"ఇందులో పడవ ఉంది. పడవలో ఎంతమంది?"

"ఇద్దరు."

"పెళ్ళయిందా?"

"పాటలో చెప్పలేదురా."

"తీసెయ్. తర్వాతది."

"ఇది వేసవి గురించి."

"వేసవి రాత్రా, పగలా?"

"రాత్రే. కానీ మనకి వేసవిలో రాత్రి కూడా వెలుతురే కదా."

"వెలుతురు ఉంటే ఇంకా ఘోరం, అన్నీ కనబడతాయి. తీసెయ్."

సాయంత్రానికి నా దగ్గర పిట్టల కూతల రికార్డొకటి మిగిలింది. దాన్ని కూడా రెండుసార్లు విని, కోయిల ఎవర్ని పిలుస్తోందని అడిగాడు. నేను దణ్ణం పెడితే వదిలేశాడు.

శనివారం రానే వచ్చింది. హాలు కిటకిటలాడిపోతోంది. కిందనుంచి కాఫీ వాసనా, సాసేజీల వాసనా వస్తున్నాయి. ఇవాళ ఆ పాట వచ్చిందంటే నా పని అయిపోయినట్టే.

మ్యాచ్‌కి ముందు ఫోల్కె మా క్లబ్బు దుప్పిని ప్రశ్నించాడు. దుప్పి అంటే, దుప్పి వేషం వేసుకుని పిల్లల్ని ఆడించే మనిషి. చంటిపిల్లల ముందు దుప్పి మాట్లాడకూడదు, మాట్లాడితే అది నిజం దుప్పి కాదని తెలిసిపోతుంది. ఇది మా హాల్లో అందరికీ తెలిసిన కట్టుబాటు, ఫోల్కెకి తప్ప.

"నీ అసలు పేరేమిటి?"

దుప్పి చెయ్యి ఊపింది.

"బుకాయించకు. కిందటి శనివారం విరామంలో నువ్వెక్కడున్నావు?"

దుప్పి పొట్ట నిమురుకుని గంతేసింది. చుట్టూ పిల్లలు చప్పట్లు కొట్టారు.

"చూశావా సిక్స్టెన్, ఎంత కరడుగట్టిన నేరస్తుడో. ఇన్నేళ్ళ వృత్తిలో ఇలాంటి మౌనం చూడలేదు," అని కొమ్ము పట్టుకుని లాగాడు. తల ఊడొచ్చేదే. ముగ్గురు పిల్లలు ఘొల్లుమన్నారు. ఒక బామ్మ లేచి ఫోల్కెని చేతిసంచీతో ఒక్కటిచ్చింది. "ముఠాకి ఆడవాళ్ళ విభాగం కూడా ఉందిరా," అన్నాడు నా గదిలోకి ఎక్కుతూ, నడ్డి రాసుకుంటూ.

ఇప్పుడు గది సంగతి చెప్పాలి. పిల్లల జట్టు ఊళ్ళు తిరగడానికి కావలసిన ఖర్చులకి తల్లిదండ్రులు ఇంటింటికీ టాయిలెట్ పేపర్ అమ్మడం మా దగ్గర మామూలు. ఏ ఇంట్లో చూసినా మంచాల కింద అవే కట్టలు. ఈసారి సరుకు దాచడానికి చోటు లేక అంతా నా గదిలో, వెనక గోడకి ఆనించి, పైకప్పు దాకా పేర్చారు.

"భేష్. నేను ఈ గుట్టలో దాక్కుంటాను," అన్నాడు ఫోల్కె. "నేరస్తుడు విరామంలో ఈ గదిలోకి వస్తాడు. నేను ఇందులోంచి మెరుపులా దూకుతాను. నువ్వేమీ తెలియనట్టు కూర్చో. నీ ముఖం దానికే పుట్టింది."

గోడ దగ్గర కట్టలు కొన్ని తీసి ఆయనకి గూడు కట్టాను. అందులో దూరి, ఒక కాయితం చుట్ట తీసి, దాని బెజ్జంలోంచి చూడ్డం మొదలెట్టాడు.

మ్యాచ్ మొదలైంది. మావాళ్ళు గోల్ కొట్టారు. జనం లేచి నా పాట కోసం చూశారు. నేను కోయిల కూత వేశాను. గోల్ కొట్టిన పిల్ల ఏదో తప్పు చేశాననుకుని కర్ర కింద పెట్టేసింది. రెండో గోల్‌కి కాకి అరిచింది. ఎవరో పోయారేమోనని ఒక తాత టోపీ తీసి లేచి నిలబడ్డాడు.

విరామం వచ్చింది. నేను మిషను ఆపి, చేతులు రెండూ పైకెత్తి అద్దంలోంచి అందరికీ చూపించాను. పాట రాలేదు. ఇంకొంచెంసేపు. రాలేదు. నా ప్రాణం కుదుటపడుతోంది.

"కాలు పట్టేసిందిరా," అని గుట్టలోంచి మూలిగాడు ఫోల్కె. "కాస్త వెనక్కి ఆనుకుంటాను."

ఆనుకున్నాడు. అంతే. స్పీకర్లు బద్దలయ్యేలా ఆ పాట. అదే మనిషి, అవే అరుపులు. తల్లులు పరుగున వెళ్ళి పిల్లల చెవులు మూశారు.

"దొరికాడు," అంటూ ఫోల్కె చటుక్కున లేచాడు. పాట ఆగిపోయింది. "చూశావా, నేను లేచి నిలబడేసరికి హడలిపోయాడు." విజయగర్వంతో మళ్ళీ గోడకి ఆనుకుని కూర్చున్నాడు. పాట మళ్ళీ మొదలు. ఈసారి పాట మీదుగా ఒక ఆడగొంతు కూడా.

"నడుము, హిల్దుర్ గారూ, నడుము! ఇంకా కిందికి! పిరుదులు రెండూ మీవే అనుకుని తిప్పండి!"

ఆ గొంతు ఊరు ఊరంతటికీ తెలుసు. ఏటా క్లబ్బు సర్వసభ్య సమావేశంలో లెక్కలు చదివే మైవోర్ గొంతది.

నేను ఫోల్కె చెయ్యి పట్టి లేపాను. ఆగింది. కూర్చోబెట్టాను. వచ్చింది. ఆయన వెనక గోడకి ఒక ఎర్ర మీట ఉంది. అగ్నిప్రమాదం జరిగితే ఒక హాలు మాట ఇంకో హాల్లో కూడా వినబడ్డానికి ఎప్పుడో పెట్టింది, అందరం మర్చిపోయాం. ఇన్నాళ్ళూ టాయిలెట్ పేపర్ కట్ట దాన్ని నొక్కిపెట్టి ఉంచింది. ఇవాళ దాన్ని జరిపి గూడు కట్టాక, ఆ పని ఫోల్కె నడ్డి చూసుకుంటోంది. మైవోర్ క్లాసు ఆసాంతం మైకు లేకుండా నోటితో గట్టిగా లెక్కపెట్టుకోవడమేనట, ఆఖర్న మాత్రం ఈ ఒక్క పాటట. ఇవాళ చెవులు వినబడనివాళ్ళు ఎక్కువ రావడంతో మైకు కూడా పెట్టుకుంది.

"రిఫరీ," అన్నాడు ఫోల్కె గంభీరంగా. "నేను మొదట్నుంచీ రిఫరీనే అనుమానిస్తున్నాను."

కింద చిన్న హాలు తలుపు తెరుచుకుంది. ఎవరో వెళ్ళి చెప్పినట్టున్నారు. మైవోర్ వచ్చింది. ఊదారంగు వ్యాయామం దుస్తులు, చెమట, జుట్టంతా ఊడి భుజాల మీద. నేనామెని అలా ఎప్పుడూ చూడలేదు. అందరూ తమ బూట్ల వైపు చూసుకుంటున్నారు. ఆవిడ తిన్నగా స్కోరు బల్ల దగ్గరికి వెళ్ళి మైకు అందుకుంది.

"ఆ పాట నాది. సిక్స్టెన్ గారిది కాదు. ఆయన్ని అనవలసిన మాటలన్నీ నన్ను అనండి."

యోయెల్ జాలిపడ్డాడు. "పాపం, అందులో మాటలు మీకు అర్థమై ఉండవులెండి."

"నలభై ఏళ్ళు ఇంగ్లీషు పాఠాలు చెప్పాను బాబూ. నీకు కూడా చెప్పాను. ప్రతి ముక్కా అర్థమయ్యే పెట్టాను. అర్థం కాకపోతే ఆ నడుములు తిరిగేవి కాదు."

ఎక్కడో ఒక బామ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. తర్వాత హాలు హాలంతా.

"పిల్లలకి అది తగదు. ఆ మాట అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను," అంది మైవోర్ నవ్వులు తగ్గాక. "మా క్లాసు బామ్మలకి ఏది తగుతుందో నాకు తెలుసు, వాళ్ళ మనవలకి ఏది తగుతుందో సిక్స్టెన్ గారికి తెలుసు. ఆ కాకిగోల ఆపి మంచి పాట పెట్టమనండి."

పడవ పాట పెట్టాను. పిల్లలు గంతులేశారు. పడవలో వాళ్ళకి పెళ్ళయిందో లేదో ఒక్కరూ అడగలేదు.

మ్యాచ్ అయిపోయాక ఆవిడ మెట్లెక్కి నా గదికొచ్చింది. జుట్టు మళ్ళీ కట్టుకోలేదు.

"క్షమించండి సిక్స్టెన్ గారూ. మీ మాట నమ్మకుండా చాలా తప్పు చేశాను. ఈ గది మీదే. మీకు ఓపికున్నన్నాళ్ళూ."

"చాలా సంతోషమండీ," అన్నాను. నిజంగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆవిడ వెళ్ళబోతూ గుమ్మంలో ఆగింది. "మా క్లాసులో మగవాళ్ళు లేరు. హిల్దుర్ అడుగుతూ ఉంటుంది. నేనూ మిమ్మల్ని రమ్మందామనుకునేదాన్ని. కానీ శనివారం ఆ టైముకి మీరిక్కడే ఉండాలి కదా."

"అవునండీ. ఉండాలి," అన్నాను.

ఆవిడ మెట్లు దిగుతుంటే ఊదారంగు కనబడినంతసేపూ చూశాను. తర్వాత ఈ గది కోసం నేను పడ్డ పాట్లన్నీ గుర్తుచేసుకున్నాను. తర్వాత వెనక్కి తిరిగాను. ఫోల్కె టాయిలెట్ పేపర్ గుట్టలో కూర్చుని, ఈ కేసు గురించి రేపు పత్రికలవాళ్ళకి ఏ ఫోటో ఇవ్వాలా అని ఆలోచిస్తున్నాడు.

"ఒరే ఫోల్కె, నీకు పాటలు వేయడం వచ్చా?"

"రాదు," అన్నాడు ధీమాగా.

"ఏం ఫరవాలేదు," అని నా కుర్చీ ఆయన వైపు తోశాను.