మాడిన రొట్టె నమోదు

ఏ బీరూ ఈ లోకంలో ఒంటరిగా ఉండరాదని ప్రభుత్వం నిర్ణయించింది. మనుషుల విషయంలో ఇలాంటి నిర్ణయం ఇంకా పరిశీలనలో ఉంది.

ఏడాది కిందట వచ్చిన కొత్త నిబంధన ప్రకారం, చిన్న కార్ఖానాల్లో కాచే ప్రతి బెల్జియం తరహా బీరుకూ తగిన తిండి ఒకటి జతగా నమోదు కావాలి. నమోదు కాని బీరును అమ్మకూడదు, గ్లాసులో పోయకూడదు, ఇంటికి వచ్చినవాళ్ళకు ఇవ్వకూడదు. ఈ నెలాఖరులోగా జత కుదరని సీసాలను ఇద్దరు సాక్షుల ఎదుట కాలవలో పారబోయాలి. (కాలవలో పోసే బీరుకు ఏ తిండీ జత చేయనక్కరలేదు. అడిగి తెలుసుకున్నాను.)

నేను బడిలో పాఠాలు చెప్పుకునే మనిషిని. బీరు తాగను. మా తమ్ముడు బీరు కాచేవాడు. ఏడు నెలల క్రితం పోయాడు. వాడు కాచిన ఆఖరి విడత, నల్ల బీరు, నలభై ఒక్క సీసాలు, మా మరదలి ఇంట్లో మంచం కింద ఉన్నాయి. నమోదు దరఖాస్తు మాత్రం తమ్ముడే తన చేత్తో నింపి పెట్టుకున్నాడు. తీసుకెళ్ళి ఇవ్వడం ఒక్కటే మిగిలింది. (ఇవ్వడం ఒక్కటే మిగిలిందని ఆఫీసులకు వెళ్ళినవాళ్ళలో ఎంతమంది తిరిగి వచ్చారో గణాంకాలు లేవు.)

పానీయ ఆహార జతల నమోదు కార్యాలయం ఒక టైర్ల దుకాణం పైన, రెండో అంతస్తులో ఉంది. కింది నుంచి రబ్బరు వాసన వస్తుంది. ఇక్కడ నమోదైన బీర్లలో మూడో వంతుకు రబ్బరు సువాసన ఉన్నట్టు రికార్డులో ఉండడానికి వేరే కారణం దొరకలేదు. మెట్ల మీద ఒక బోర్డు వేలాడుతుంది: "రుచి చూచు వేళలు 11 నుండి 1 వరకు. ఆ వేళలో రుచి తెలియనిచో మరునాడు రావలెను."

మొదటిరోజు గ్లాసు దగ్గరే తిప్పి పంపారు. నల్ల బీరుకు కాడ ఉన్న, మూతి వెడల్పాటి గ్లాసు ఉండాలట. నేనూ మరదలూ మామూలు గ్లాసు పట్టుకెళ్ళాం.

"ఇది దేని గ్లాసమ్మా?" అంది కిటికీలో కూర్చున్న గుమాస్తా.

"నీళ్ళది," అంది మరదలు.

"మరి నీళ్ళు నమోదు చేయించుకోండి. పక్క కిటికీ."

కాడ గ్లాసు సంపాదించేసరికి నెలలో ఆఖరి పనిదినం వచ్చింది. నమూనాగా ఆరు సీసాలు, కొన్ని రొట్టె ముక్కలు సంచీలో పెట్టుకుని, పదకొండుకల్లా రుచిగదిలో కూర్చున్నాం. ఒక కరెంటు పొయ్యి, ఒక పెనం, ఉమ్మడానికి ఒక తెల్లటి బేసిను, గోడ గడియారం. కాసేపటికి వాసనాధికారి ముక్కుకు రుమాలు కట్టుకుని వచ్చారు. ముక్కు ప్రభుత్వ ఆస్తి కాబట్టి అవసరం ఉంటే తప్ప తెరవరట.

ఆయన దరఖాస్తు మీద వేలు పెట్టుకుంటూ చదివి, జత ఆహారం అన్న గడి దగ్గర ఆగారు. అక్కడ తమ్ముడి వంకర అక్షరాల్లో "మాడిన రొట్టె" అని ఉంది.

"కాల్చిన రొట్టె అని రాయబోయి పొరపాటు పడ్డట్టున్నారు."

"పొరపాటు కాదండీ," అంది మరదలు. "మాడిందే. నల్లగా, బొగ్గులాగా. ఆయన ఏనాడూ మాడని రొట్టె తిన్న పాపాన పోలేదు."

"పోనీ, అది కొట్టేసి పాత చీజు అని రాయండమ్మా. నల్ల బీరుకి పాత చీజు అని నూట ఎనభై దరఖాస్తులు వచ్చాయి. అన్నీ పాసు."

ఇరవై ఆరేళ్ళుగా జవాబు పత్రాలు దిద్దుతున్నాను. ఒకడి జవాబు కొట్టేసి పక్కవాడి జవాబు రాయడానికి చేయి రాలేదు. పైగా దిద్దుబాట్లను దరఖాస్తుదారు స్వయంగా వచ్చి చేయాలని ఆ కాగితం వెనకే అచ్చు వేసి ఉంది. అది చూపించి, తమ్ముడు రాలేడని చెప్పాను.

"ఎప్పటికి వస్తారు?" అన్నారు ఆయన.

మరదలు నా వైపు చూసింది. ప్రశ్న మర్యాదగానే ఉంది. పోయినట్టు ధ్రువపత్రం తీసి ఆయన ముందు పెట్టాను. ఆయన రుమాలు సర్దుకుని, దిద్దుబాటుకు వీల్లేదు కనుక రాసింది రాసినట్టే పరీక్షించాలని తేల్చారు. తర్వాతి గడి చదివారు.

"తయారీ విధానం: రొట్టె ముక్కను పెనం మీద పెట్టి మరచిపోవాలి."

ఇది ఆయన స్థాయి దాటిన విషయం. రిజిస్ట్రారుగారిని పిలిచారు. ఆయన మూడుసార్లు చదివి, మంట పెంచి మాడిస్తే విధానం ఉల్లంఘించినట్టవుతుందనీ, మరచిపోవడం తప్పనిసరి అనీ అన్నారు. ఆఫీసులో ప్రతి పనికీ ఒక బాధ్యుడు ఉండాలి కాబట్టి, అక్కడికక్కడే ఉత్తర్వు రాసి, సీనియర్ అసిస్టెంటును తాత్కాలిక మరపు అధికారిగా నియమించారు. ఆయన ఎంపికపై ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. ఒక పెన్షను ఫైలును తొమ్మిదేళ్ళు మరచిపోయిన అనుభవం ఆయనది.

కానీ సీనియర్ అసిస్టెంటు పెనం ముందు నుంచి కదల్లేదు. కన్ను ఆర్పకుండా రొట్టెనే చూస్తూ, సరిగ్గా సమయానికి తిరగేస్తూ కూర్చున్నారు.

"మరచిపోవయ్యా!" అన్నారు రిజిస్ట్రారు.

"ఉత్తర్వు చేతిలో పెట్టాక ఎలా మరచిపోతానండీ? రేపు ఎవరైనా అడిగితే?"

ముప్పై ఏళ్ళ సర్వీసులో ఆయన ఒక పని మీద ఇంత శ్రద్ధ పెట్టడం ఎవరూ చూడలేదు. ఆరు ముక్కలు బంగారు రంగులో వచ్చాయి. బాగున్నాయన్న కారణంతో ఆరింటినీ తిరస్కరించారు. గడియారంలో పన్నెండున్నర దాటింది. ఒంటిగంటకు రుచి ముగుస్తుంది. సాక్షుల పేర్లు రాసుకోవడానికి గుమాస్తా పారబోత రిజిస్టరు పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"టీచరుగారూ," అన్నారు రిజిస్ట్రారు, "కుటుంబ సభ్యులు కూడా మరచిపోవచ్చని వెసులుబాటు ఉంది. మీరొకసారి ప్రయత్నించండి."

"నావల్ల కాదండీ."

"అదేం?"

"అలవాటు లేదు."

మరదలు ఏడో ముక్క పెనం మీద పెట్టింది. "ఇదే ఆఖరి ముక్క వదినా," అంది నాతో.

గుమాస్తాకు ఏం తోచిందో, "ఇంతకీ ఆయన ఎలా మరచిపోయేవారమ్మా?" అని అడిగింది.

"ఎలా ఏముందండీ! రొట్టె పెట్టి సీసాల దగ్గరికి పోయేవాడు. ఈ రకం బీరు సీసాలోకి వెళ్ళాక కూడా లోపల పులుస్తూనే ఉంటుందిట. ప్రాణం ఉంటుందనేవాడు. ఒక్కో సీసా చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. 'ఇలా రావే, ఇది అలిగింది, ఇది పాడుతోంది' అని నన్ను కేకేసేవాడు. నేను వెళ్ళి తిట్టేలోపు ఇల్లంతా పొగ."

"సీసా మాట్లాడుతుందా!" అన్నారు వాసనాధికారి.

"వినండి మరి."

ఆయన ఒక సీసా తీసి చెవికి ఆనించుకున్నారు. ఆయన్ని చూసి రిజిస్ట్రారు ఇంకోటి తీసుకున్నారు.

"నాకేం వినపడట్లేదే."

"మీరు మాట్లాడుతుంటే అదేం మాట్లాడుతుందండీ?" అంది మరదలు.

రిజిస్ట్రారు నోరు మూసుకున్నారు. (ఈ సంఘటన ఆఫీసు చరిత్రలో నమోదు కావలసి ఉంది.) సీనియర్ అసిస్టెంటూ పొయ్యి వదిలి వచ్చారు.

"నాది ఏదో గొణుగుతోంది!" అంది గుమాస్తా, రిజిస్టరు కింద పెట్టేసి.

"గొణగదూ మరి. కిటికీ సీసా," అన్నారు సీనియర్ అసిస్టెంటు.

"మీది నిద్రపోతుంటుంది, చూసుకోండి."

ఆరుగురం ఆరు సీసాలు చెవులకు పెట్టుకుని నిలబడ్డాం. నా సీసా చల్లగా ఉంది. లోపల, పలక మీద ఎవరో చాలా మెల్లగా రాస్తున్నట్టు ఒక చప్పుడు. ఉందో లేదో ఖాయంగా చెప్పలేను. అందుకని తర్వాత నింపిన నివేదికలో రాయలేదు.

పొగను మొదట కనిపెట్టింది కింద టైర్ల దుకాణంవాళ్ళు. "కాలేది మీ దగ్గరా, మా దగ్గరా?" అని మెట్ల మీంచి అరిచారు. వెనక్కి తిరిగి చూస్తే పొగలో పెనం కనిపించలేదు. వాసనాధికారి రుమాలు విప్పి దగ్గుతూ, రొట్టె విధివిధానాల ప్రకారమే మాడిందని ప్రకటించారు.

అడుగున ఉన్న మడ్డి కదలకుండా మరదలు ఒక సీసాను కాడ గ్లాసులోకి వంచింది. గోధుమరంగు నురగ వేలెడెత్తు లేచింది. వాసనాధికారి ఒక గుక్క తాగి, నల్ల రొట్టె కొరికి, మళ్ళీ తాగి, కాగితం ముందుకు లాక్కున్నారు. "ఎండుద్రాక్ష, ఖర్జూరం, కాలిన చక్కెర. విడిగా తాగితే తీపి ఎక్కువ. రొట్టె చేదు తగిలాక ఆ తీపి ఒద్దికగా కూర్చుంది," అని రాశారు. బేసినులో ఉమ్మవలసిన గుక్కను మింగేశారు. రిజిస్ట్రారు దాన్ని చేతి పొరపాటుగా రాసుకున్నారు. నేనూ ఒక చెంచాడు తాగి, రొట్టె అంచు కొరికి చూశాను. తమ్ముడి జవాబు సరైనదే. ఎక్కడా మార్కు తగ్గించడానికి లేదు.

ఒంటిగంటకు నాలుగు నిమిషాలు ఉందనగా మిగిలిన నలభై సీసాలకూ అనుమతి వచ్చింది. గుమాస్తా పారబోత రిజిస్టరు మూసేసి, మరపు నివేదిక అనే అనుబంధ పత్రం నింపమంది. మరచిపోయిన వస్తువు: రొట్టె. మరచిపోయినవారు: ఆరుగురు. ఎంతసేపు: ఏడు నిమిషాలు. ఆఖరి గడిలో, "రొట్టె కాక కుటుంబ సభ్యులు మరేదైనను మరచిపోయినచో వివరములు" అని ఉంది. పెన్ను మరదలికిచ్చాను. ఆమె ఆ గడి చదివి పెన్ను నాకే ఇచ్చేసింది.

"ఏమీ లేదు" అని రాశాను. రిజిస్ట్రారుగారు పరిశీలించి, సరిగ్గా ఉందని ముద్ర వేశారు.