వాచీల బాబాయి పటం

ఆ ఉదయం వాచీల బాబాయి వేసుకున్న ప్లాను చిన్నదే. ఎదురింటావిడ గోడగడియారం బాగుచేసి ఇచ్చెయ్యడం, తర్వాత అన్న కూతుర్ని వెంటబెట్టుకుని కంటిజబ్బుల పరిశోధన కేంద్రానికి వెళ్లి ఇంకోసారి రక్తం ఇచ్చి రావడం.

అరవై దాటినా ఆయన కన్నుకి భూతద్దం తగిలించుకుని ఆవగింజంత మరలు బిగిస్తాడు. ఆయన అన్నకి మాత్రం యాభై నిండకుండానే చూపు పోయింది. ఆ కుటుంబంలో అది తరతరాలుగా వస్తున్న జబ్బు. ముందు పక్కచూపు పోతుంది, తర్వాత ఎదుటిచూపు. ఇప్పుడు అన్న కూతురు గుమ్మం పక్కనున్న బకెట్లకు కాలు తగిలించుకోవడం మొదలుపెట్టింది. ఆ పిల్ల తడుముకోవడం బాబాయి చూడలేకపోయేవాడు. అందుకే కేంద్రం వాళ్లు ఇంట్లో అందరి రక్తమూ కావాలంటే అందరికంటే ముందు తనే చొక్కా చెయ్యి మడిచాడు.

ఆయన స్నానానికి వెళ్లాక ఫోను మోగింది. భార్య ఎత్తింది.

"మీ ఆయన పటం సిద్ధమైందమ్మా!" అంది అవతలి అమ్మాయి హుషారుగా.

"పటమా?"

"అవునండీ, పూర్తి పటం. ఇలాంటిది మావాళ్లు ఎప్పుడూ చూడలేదట. మీ ఇంటిల్లిపాదినీ రమ్మన్నారు. డాక్టరమ్మే స్వయంగా చెబుతారట."

పాపం, ఆ అమ్మాయి తప్పేం లేదు. ఆ కేంద్రంలో జన్యుపటం అనే మాటని పొద్దస్తమానం అనీ అనీ ముందుసగం అరిగిపోయింది. కానీ ఈ ఇంట్లో పటమంటే ముందుగది గోడ మీదున్న మామగారూ అత్తగారూ. బతికున్న మనిషికి పటం కట్టించడమేమిటి?

భర్తకి చెప్పడానికి నోరు రాక ఇల్లాలు తన తమ్ముడికి ఫోను చేసింది. ఆ తమ్ముడు ఎవరికి కష్టమొచ్చినా అందరికంటే ముందు ఏడ్చే మనిషి.

"వైద్యులే పటం కట్టించేశారంటే, ఇంకేం మిగిలిందక్కా!" అని అప్పుడే మొదలుపెట్టాడు.

బాబాయి తల తుడుచుకుంటూ వచ్చేసరికి కాఫీ సిద్ధంగా ఉంది. చక్కెర తగ్గించమని రోజూ పోరే మనిషి ఇవాళ అడక్కుండానే రెండు చెంచాలు వేసింది. ఏదో ఖరీదైన వస్తువు పగలగొట్టి ఉంటుందనుకుని ఆయన మారుమాట్లాడకుండా తాగేశాడు. అంతలో బావమరిది ఊడిపడ్డాడు. వాచీ సరిగ్గా బాగుచెయ్యలేదని గొడవపడి గుమ్మం తొక్కడం మానేసిన మనిషి, వస్తూనే ఆయన్ని కావలించుకున్నాడు.

"ఆవేళ నేనన్న మాటలు మనసులో పెట్టుకోకు బావా."

"పెట్టుకున్నానురా. ఇప్పుడు తీసెయ్యాలా?"

అతను వీధిలోనే చెప్పేసినట్టుంది, ఎదురింటావిడ గుమ్మంలోంచే, "నా గడియారానికి తొందరేం లేదండీ, మీరు విశ్రాంతి తీసుకోండి" అని కొంగుతో కళ్లొత్తుకుంటూ వెళ్లిపోయింది. నిన్నటిదాకా రోజూ వచ్చి ఆ గడియారం కోసం ఆయన ప్రాణం తీసింది ఆవిడే. బాబాయికి ఏమీ అంతుపట్టలేదు. ఈలోగా బావమరిది ఆయనకి ఇస్త్రీ చొక్కా తొడిగించి, కిటికీ దగ్గర నిలబెట్టి ఫోనుతో ఫొటోలు తీయసాగాడు.

"నవ్వకు బావా. గంభీరంగా ఉండు. అబ్బే, ఇది పటానికి పనికిరాదు..."

"ఎవరి పటానికి?"

వంటింట్లోంచి భార్య ఘొల్లుమంది. తర్వాత అంతా బయటపడింది.

బాబాయి కుర్చీలో కూలబడ్డాడు. ఆయనకి భయం వేసింది. నిజంగానే వేసింది. సరిగ్గా అప్పుడే అన్న కూతురు వచ్చింది. ద్వారబంధాన్ని చేత్తో తడుముకుని, గడప ఎక్కడుందో కాలితో చూసుకుని లోపలికి అడుగుపెట్టింది.

"బయల్దేరదామా బాబాయ్?"

ఆయన ఆ పిల్ల కళ్లవైపు చూసి లేచాడు.

"పద తల్లీ" అన్నాడు.

డాక్టరమ్మ గదిలో కుర్చీలు చాలలేదు. ఆవిడ నోరు తెరిచేలోపే బాబాయి లేచి నిలబడ్డాడు.

"నాకంతా తెలిసిపోయిందమ్మా. ఎలాగూ పోయేవాణ్ని. నా కళ్లకింకా ఏ లోపమూ రాలేదు. రెండూ తీసి ఈ పిల్లకి పెట్టండి. ఇప్పుడే తీసుకున్నా నాకేం అభ్యంతరం లేదు."

"బాబాయ్!" అంది అన్న కూతురు.

డాక్టరమ్మ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "మీరు పోతున్నారని ఎవరన్నారు?"

పటం సంగతి విన్నాక ఆవిడ నవ్వలేదు. ఒక కాగితం వాళ్ల ముందు పరిచింది. దాని నిండా రంగురంగుల గీతలు.

"పటమంటే ఇదండీ. మీ ఒంట్లో ఏ జన్యువు ఎక్కడుందో చూపించే పటం. మీ అన్నగారి చూపు తీసిన లోపం మీలోనూ ఉంది. లెక్కప్రకారం మీకూ ఎప్పుడో చూపు పోవాలి. పోలేదు. ఎందుకంటే ఇదిగో, ఇక్కడ ఇంకో చిన్న మార్పు మీ కంటికి కాపలా కాస్తోంది. అది చేసే పనిని ఒక మందు చేత చేయించగలమా అని చూస్తాం. కళ్లు తీసి పెడితే ఈ జబ్బు నయం కాదు. మీరు బతికుంటేనే మా పని సాగుతుంది."

భార్య పైట నోట్లో కుక్కుకుంది. బావమరిది ఫోనులోని ఫొటోలు ఒక్కొక్కటే తుడిచేయసాగాడు.

"మందు ఎప్పటికొస్తుంది?" అన్న కూతురు అడిగింది. "అప్పటికి నాకు కనిపిస్తూ ఉంటుందా?"

డాక్టరమ్మకి అబద్ధం చెప్పడం చేతకాదు. "చెప్పలేనమ్మా. ముందు గాజుగిన్నెల్లో పెంచిన కణాల్లో, తర్వాత జంతువుల్లో, ఆ తర్వాత మనుషుల్లో పరీక్షించాలి. ఏళ్లు పడుతుంది, మధ్యలో ఆగిపోనూవచ్చు. కానీ మొన్నటిదాకా ఎటు వెతకాలో కూడా మాకు తెలియదు. ఇప్పుడు తెలిసింది."

ఆ పిల్ల తలూపి బాబాయి చెయ్యి పట్టుకుంది. చచ్చిపోతాననుకున్నప్పుడు రాని కన్నీళ్లు ఆయనకి అప్పుడొచ్చాయి. తుడుచుకోలేదు.

"మరి నేనేం చెయ్యాలి?" అన్నాడు.

"ఆరోగ్యంగా ఉండండి. ఆరునెలలకోసారి వచ్చి రక్తం ఇచ్చి వెళ్లండి, చాలు."

"ఆరునెలలా? అలా అయితే పని తెమలదు తల్లీ. వాచీ ఇచ్చినవాళ్లు రోజూ వచ్చి నా నెత్తిన కూర్చుంటేనే నేను దాన్ని ముట్టుకునేది. రేపట్నుంచి నేనూ రోజూ పొద్దున్నే వచ్చి మీ గుమ్మం ముందున్న బల్ల మీద కూర్చుంటాను. పని ఎంతవరకు వచ్చిందో చెబితే చాలు, వెళ్లిపోతాను."

అలా అందరి భయమూ తీరిపోయాక, డాక్టరమ్మ భయం మొదలైంది.