చొక్కా పాట, బామ్మ ఫోను

మీకు ఏదైనా పాట నచ్చితే, అది మీ అంతట మీకే నచ్చిందని అనుకుంటున్నారు కదూ? పాపం. నచ్చేదాకా దాన్ని మీ చెవిలో పోసిన మహానుభావుడొకడు ఎక్కడో ఉంటాడు. ఆ మహానుభావుణ్ణి నేనే.

రేడియో స్టేషన్లో నా పని పాటలు ఎంచడం. తెల్లారకముందే వెళ్లి ఏ పాట ఎప్పుడు మోగాలో తేల్చి, మధ్యాహ్నానికి ఇంటికి చేరతాను. ఊరు ఊరంతా నేను పెట్టిన పాట కూనిరాగం తీస్తూ పళ్లు తోముకుంటుంది. ఇంట్లో మాత్రం నా మాట దిండులో మొహం పెట్టి మాట్లాడినట్టే. నాకు తప్ప ఎవరికీ వినపడదు.

ఆ ఇంట్లో నాకంటూ ఉన్న ఆస్తి ముందుగది కిటికీ పక్కన వేసిన పడక కుర్చీ. భోజనం చేసి దాని మీద వాలితే అది ‘కిర్‌ర్‌ర్’ అనేది, నేను ‘గుర్‌ర్‌ర్’ అనేవాణ్ణి. మా ఇద్దరి శ్రుతి అంత బాగా కలిసేది.

ఆ కచేరీకి గండం మా బావమరిది రూపంలో వచ్చింది. ఓ వారం ఉండి పోతానని వచ్చాడు. ఏ వారం పోతాడో చెప్పలేదు. చేతిలో పెట్టె, పెట్టెలో బాకా. అందుకే అందరూ వాణ్ణి ‘బాకా’ అనే పిలుస్తారు. పిలవకపోయినా వినపడుతూనే ఉంటాడు.

ముందుగది వాడిదైంది. కుర్చీ కూడా వాడిదే. నేను వంటింటి గోడ వారన చాప పరుచుకుని అలా కన్ను మూస్తానో లేదో, ‘పెప్పెప్పే!’

“ఏమోయ్, మీ తమ్ముడు ఇంకో వేళలో ఊదుకోకూడదూ?”

“కళ వచ్చినప్పుడు ఊదాలండీ. తుమ్ము వస్తే మీరు ఆపుకుంటారా?”

“నా తుమ్ముకి ఎవరూ ఉలిక్కిపడి లేవరు.”

“మీ గురకకి లేస్తున్నాగా. ఇన్నేళ్లలో ఒక్క మాటన్నానా?”

ఇలాంటప్పుడు మగాడు చేయదగ్గది ఒక్కటే. చాప పక్కకి జరుపుకోవడం. జరిపాను. అవతల గోడ తగిలింది.

ఇలా ఉండగా బాకా ఒక పాట కట్టాడు. నా కుర్చీలో పడుకుని బయటికి చూస్తే బాల్కనీ తీగ మీద నా నీలం చొక్కా ఊగుతోందట. అంతే, వాడికి పూనకం వచ్చేసింది.

‘తడి చొక్కా తడి చొక్కా,
తీగ మీద ఒంటి చొక్కా,
గాలొస్తే ఎగరవే చొక్కా,
ఎవరి కోసం ఆగావే చొక్కా!’

తర్వాత పెప్పెప్పే. మళ్లీ చొక్కా.

“చరణాలేవిరా?” అన్నాను.

“చొక్కాకి చరణాలెందుకు బావా, చేతులుంటే చాలుగా!”

ఓ చిన్న కంపెనీ ఆ పాటని రికార్డు చేసి మార్కెట్లోకి వదిలింది. వదిలిన చోటే అది కూలబడింది.

“ఇది హిట్టయితే కంపెనీవాళ్లు నాకు విడిగా ఇల్లిస్తారట బావా” అన్నాడు బాకా ఓ రోజు, ఎటో చూస్తూ.

నా గుండె ఎగిరి గంతేసింది. విడిగా ఇల్లు! అంటే ముందుగది, కిటికీ, కుర్చీ, కిర్‌ర్‌ర్!

మా ఆవిడ వంటింట్లోంచే కసిరింది. “నువ్వూరుకోరా. మీ బావ చుట్టాల పాటలు వెయ్యరు. ఆయనవన్నీ నియమాలు. నేనడిగినా వినరు. అడగను కూడా.”

నిజమే. చుట్టాల పాట వేయకూడదని మా డైరెక్టరు ఖండితంగా చెప్పాడు. ఆయన్ని మేం ‘గుసగుస’ అంటాం. స్టూడియోలో ‘చప్పుడు చేయొద్దు’ అనే ఎర్రదీపం కింద బతికి బతికి ఆయన గొంతు గుసగుస దగ్గరే ఆగిపోయింది. తిట్టినా రహస్యం చెప్పినట్టే ఉంటుంది.

కానీ నిద్రలేని మనిషికి నియమాలేమిటి? బాకా మావాడని ఎవరికీ చెప్పకుండా, ఊరంతా ఆఫీసులకి ఉరుకులు పెట్టే వేళలో చొక్కా పాట వేసేశాను.

జనం ఫోన్లు చేసి తిట్టారు. మర్నాడు మళ్లీ వేశాను. ఇంకా గట్టిగా తిట్టారు. అయితే ఆ తిట్లలో నాకో సంగతి పట్టుబడింది. “ఏమిటండీ ఆ దిక్కుమాలిన పాట? తడి చొక్కా తడి చొక్కా, తీగ మీద ఒంటి చొక్కా అట!” అని ఒకాయన రాగం తప్పకుండా, తాళం వేస్తూ మరీ తిట్టాడు. చూశారా, పాట నోటికొచ్చేసింది! విత్తనం పడింది, ఇక తడుపుతూ పోవడమే.

గుసగుస మాత్రం నా చెవి దగ్గరికొచ్చి బుస్సుమన్నాడు. “కావాలని ఒక్కరూ అడగలేదు. ఇవాళ కూడా అడగకపోతే తీసేయ్.”

అడిగేవాళ్లు లేకపోతే పుట్టించాలి. మధ్యాహ్నం పూట మా స్టేషన్లో శ్రోతలు ఫోన్ చేసి పాట అడిగే కార్యక్రమం ఒకటుంది. నడిపే అమ్మాయి పేరు ‘తేనెచుక్క’. మైకు తెరిస్తే తేనె, మూస్తే పచ్చిమిరపకాయ. మా స్టేషన్ ఫోన్లో ఎవరు ఏ నంబరు నుంచి చేస్తున్నారో కనపడదు. హాల్లో ఉన్న ఫోన్ని పొడుగు తీగతో సహా స్నానాలగదిలోకి లాక్కెళ్లి, గడియ పెట్టుకుని, మూతికి తువ్వాలు అడ్డం పెట్టుకుని వణుకుతూ మొదలెట్టాను.

“హలో... నేను బామ్మనమ్మా...”

“చెప్పండి బామ్మగారూ! అదేమిటి, బావిలోంచి మాట్లాడుతున్నట్టుంది?”

“ముసలిదాన్ని కదా తల్లీ. గొంతు ఎక్కడో అడుగునుంచి వస్తోంది.”

అదే సమయానికి ముందుగదిలో ‘పెప్పెప్పే!’

“అయ్యో, ఆ చప్పుడేమిటి బామ్మా?”

“మనవడమ్మా. జలుబు చేసింది, చీదుతున్నాడు. నాకు ఆ చొక్కా పాట వెయ్యి తల్లీ.”

“ఆ పాటా! అందులో ఏముంది బామ్మా?”

ఈ ప్రశ్న వస్తుందని నేననుకోలేదు. అటూ ఇటూ చూస్తే గది కొక్కేనికి నా చొక్కాయే వేలాడుతోంది.

“అందులో మా ఆయన చొక్కా ఉందమ్మా” అనేశాను. “ఆయన పోయి చాలా కాలమైంది. ఒక్క చొక్కా దాచుకున్నాను. అప్పుడప్పుడూ ఉతికి తీగ మీద ఆరేస్తాను. గాలికి చేతులు ఊగితే... రమ్మని పిలుస్తున్నట్టుంటుంది.”

ఫోన్లో ముక్కు ఎగబీల్చిన చప్పుడు. తేనెచుక్క ఏడుస్తోంది! నా చావు నేనే చెప్పుకున్నానేమో, నాకూ ఏడుపొచ్చింది. కళ్లు ఒత్తుకుంటూ బయటికొస్తే, వంటింట్లో రేడియో పక్కన నిలబడి మా ఆవిడ కూడా కళ్లు తుడుచుకుంటోంది.

“ఎందుకేడుస్తున్నావ్?”

“ఉల్లిపాయలు” అంది, అటు తిరిగిపోయి.

ఆవిడ చేతిలో ఉన్నది బంగాళాదుంప.

మర్నాటి నుంచి ఊరు ఊరులా లేదు. నిన్నటిదాకా పిచ్చి పాట అన్నవాళ్లే ‘ఎవరి కోసం ఆగావే చొక్కా’ దగ్గరికి రాగానే రుమాళ్లు తీస్తున్నారు. ఒక పత్రిక ‘చొక్కా వెనక కన్నీరు’ అని పేద్ద వ్యాసం వేసింది. టీవీలో ఓ ప్రొఫెసరు చొక్కా అంటే ఆత్మ, తీగ అంటే లోకం, క్లిప్పు అంటే బంధం అని తేల్చాడు. వీధిలో ప్రతి బాల్కనీకీ బామ్మ పేరు మీద ఒంటి చొక్కా వేలాడింది. మా బాల్కనీలో అది కూడా లేదు. పాట పుట్టిన చొక్కా అని ఎవడో అభిమాని నా నీలం చొక్కా ఎత్తుకుపోయాడు.

మొదటి రోజు రాగం తీస్తూ తిట్టినాయన కూడా ఫోన్ చేసి, “నాకు మొదట్నుంచీ ఈ పాటంటే ప్రాణం” అన్నాడు.

బామ్మ కూడా ఊరుకోలేదు. రెండు మూడు రోజులకోసారి ఫోన్ చేసి చక్కగా ఏడ్చేది. నేనే చేస్తున్నా, ఆవిడంటే నాకే గౌరవం పెరిగిపోయింది.

అప్పుడు గుసగుస నన్ను పిలిచాడు. “రేపు మధ్యాహ్నం బాకాని స్టూడియోకి పిలుస్తున్నాం. కంపెనీ యజమాని కూడా వచ్చి వాడికి కొత్తింటి తాళంచెవి ఇస్తాడు. అదే వేళకి బామ్మ ఫోన్ చేయాలని పొద్దుట్నుంచీ రేడియోలో బతిమాలుతున్నాం. నువ్వు నా పక్కనే కూర్చుని పాట అందించాలి.”

“పక్కనా! నాకు కడుపునొప్పండీ.”

“కడుపు కూడా తీసుకురా.”

అర్థమైందా నా గతి? బామ్మ స్టూడియోలో కూర్చుంటే, బామ్మలా ఫోనెవరు చేస్తారు?

మర్నాడు బాకా నా రెండో మంచి చొక్కా తొడుక్కుని మైకు ముందు కూర్చున్నాడు. కంపెనీ యజమాని తాళంచెవి వేలికి తగిలించి తిప్పుతున్నాడు. తేనెచుక్క “బామ్మగారూ, వింటున్నారా?” అని గాలిలోకి చూసి వేడుకుంటోంది. గుసగుస ఫోన్ వంక, గడియారం వంక, నా వంక చూస్తున్నాడు. నేను నేల వంక చూస్తున్నాను. అది చీలుతుందేమోనని.

ట్రింగ్!

“హలో... నేను బామ్మనమ్మా...”

కుర్చీలోంచి జారిపోయాను. అదే వణుకు, అదే బావి గొంతు! పైగా ఏడుపు ఎక్కడ ఆపాలో నాకంటే ఆవిడకే బాగా తెలుసు.

“బాబూ బాకా, ఇల్లు మారుతున్నావటగా నాయనా?”

“అవును బామ్మా.”

“మారకు నాయనా. ఆ గదిలోనేగా చొక్కా నీకు కనపడింది? కిటికీ వదిలేస్తే పాట కూడా పోతుంది. మీ బావ బంగారం లాంటి మనిషి. నిన్ను పొమ్మంటాడా?”

“ఛ, ఎందుకంటాడు! ఇదుగో, ఇక్కడే ఉన్నాడు మా బావ!” అని బాకా నా వైపు చెయ్యి చాపాడు.

“నీ బావమరిదా!”

స్టూడియో అద్దాలు దడదడలాడాయి. అరిచింది గుసగుస! ఆయనకి గొంతుందని లోకానికి తెలిసింది ఆ క్షణంలోనే, అదీ మైకులో.

“కోప్పడకండి నాయనా” అంది బామ్మ. “చుట్టం పాట వెయ్యనా వద్దా అని పాపం ఆయనకి మధ్యాహ్నాలు నిద్ర కూడా పట్టి ఉండదు. నాలాంటి ముసలిదాని కోసం వేశాడు. ఏం బాబూ, నీ బావమరిది నీ ఇంట్లోనే ఉంటాడని నాకు మాటిస్తావా?”

తేనెచుక్క మైకు తెచ్చి నా మూతి దగ్గర పెట్టింది. ఊరంతా చెవులు రిక్కించింది. ఉద్యోగం బామ్మ చేతిలో, బామ్మ ఎవరి చేతిలో ఉందో నాకిప్పుడు అనుమానం లేదు.

“ఉంటాడు... బామ్మగారూ” అన్నాను.

కంపెనీ యజమాని హమ్మయ్య అని తాళంచెవి జేబులో వేసుకున్నాడు. డైరెక్టరు గొంతు మళ్లీ గుసగుసకి దిగింది.

ఇంటికొచ్చేసరికి ఫోన్ తీగ స్నానాలగది గడప మీద ఇంకా పడి ఉంది. మా ఆవిడ దాన్ని తాపీగా చుట్టుకుంటోంది.

“మొదటి రోజే తెలుసా నీకు?”

“బామ్మ ఒకవైపు రేడియోలోంచి, ఇంకోవైపు తలుపులోంచి మాట్లాడితే తెలియదుటండీ? నవ్వలేక చచ్చాను.”

“ఆ రోజు కళ్లు తుడుచుకున్నది నవ్వుకా?”

“మొదట నవ్వుకే. ‘మా ఆయన పోయి’ అనేసరికి...” తీగని బిగించి చుట్టింది. “ఇంకెప్పుడూ అలాంటి కథలు చెప్పకండి.”

నేను కాస్త కరిగాను. కరిగిన వాణ్ణి మళ్లీ గడ్డకట్టించింది.

“వాడి పాట ఆడకపోతే మా నాన్న టైర్ల దుకాణంలో పనికి వచ్చేస్తానని ఆయనకి మాటిచ్చాడండీ. మీరు వేయకుండా ఉండి ఉంటే ఈపాటికి వెళ్లిపోయి ఉండేవాడు.”

“వెళ్లిపోయేవాడా! మరి నువ్వు వెయ్యమని అడగలేదే?”

“అడిగితే వేస్తారా? అందుకే మీరు పడుకునే వేళకే ఊదమన్నాను. ఇల్లిస్తారన్న మాట కూడా నేనే చెప్పించాను. తీరా చూస్తే వాళ్లు నిజంగానే ఇస్తామన్నారు. ఇక వాణ్ణి ఇంట్లోనే ఆపడానికి బామ్మ రాక తప్పలేదు.”

ఊరికి పాటలు నచ్చించేవాణ్ణి నేను. నాకే తెలియకుండా నా చేత నచ్చించినావిడ ఈవిడ!

బాకా రెండో పాట కట్టాడు. పేరు ‘పడక కుర్చీ’. పాట మొదట్లో కుర్చీ చప్పుడు కావాలని కంపెనీవాళ్లు బండి తెచ్చి నా కుర్చీని స్టూడియోకి పట్టుకుపోయారు. తిరిగి ఇవ్వలేదు. అది ఇప్పుడు వాళ్ల అద్దాల గదిలో ఉంది. జనం వచ్చి దాని పక్కన ఫొటోలు దిగుతున్నారు.

ఈ మధ్యాహ్నం కూడా వంటింటి గోడ వారన చాప పరుచుకున్నాను. ఫోన్ తీగ నా కాళ్ల మీదుగా స్నానాలగదిలోకి వెళ్లింది. రేడియోలోంచి, తలుపులోంచి ఒకేసారి బామ్మ వినపడింది. “తేనెచుక్కా, ఆ కుర్చీ పాట వెయ్యి తల్లీ. మా ఆయనకి నిద్ర పట్టడం లేదు.”

“అదేమిటి బామ్మా, ఆయన పోయారన్నారుగా?”

“ఎక్కడికి పోతాడమ్మా, ఇక్కడే ఉన్నాడు!”

రేడియోలో ‘కిర్‌ర్‌ర్’ అని మొదలైంది.

ఏం చెప్పమంటారు, సిగ్గుచేటు. నాకు వెంటనే నిద్ర పట్టేసింది.