మాదాపూర్‌లోని కర్నూలు

సెల్‌ఫోన్ కనిపెట్టినవాడికి గుడి కట్టాలి! నవ్వకండి. తీగ ఉన్న ఫోను ఇన్నాళ్ళూ మనిషిని బలవంతంగా సత్యవంతుణ్ణి చేసింది. ఇంటి ఫోనెత్తినవాడు ఇంట్లో లేనని ఎలా అంటాడు? ఆ మాట భార్యచేతో పిల్లలచేతో అనిపించాలి. ఆ పాపాన్ని ఇంటిల్లిపాదీ పంచుకోవాలి. సెల్‌ఫోను వచ్చాక ఎవరి అబద్ధం వారే ఆడుకునే స్వాతంత్ర్యం వచ్చింది!

మా రామాంజనేయులునే చూడండి. అనంతపురం నుంచి వచ్చి హైటెక్ సిటీ చుట్టూ ప్లాట్లు అమ్మిపెట్టే పెద్దమనిషి. సెల్ కొన్న వారంలోనే మాదాపూర్ టీకొట్లో కూర్చుని బేగంపేట మీటింగులకు హాజరయ్యాడు. స్నానాలగదిలోంచి విజయవాడ వెళ్ళొచ్చాడు. ఏ యోగికి సాధ్యం?

మొన్నొక ఉదయం, ప్లాటు చూస్తానన్న పార్టీ కోసం సైబర్ టవర్స్ ఎదురుగా కాచుకుని ఉండగా సెల్ మోగింది. మణికొండ నరేందర్. రామాంజనేయులు ఊరికి కొత్తగా వచ్చినప్పుడు గది కిరాయికిచ్చినవాడు. వాళ్ళమ్మ పోచమ్మ అడక్కుండానే రోజూ జొన్నరొట్టెలు పెట్టిన మనిషి.

"అన్నా, ఏడున్నవ్? అమ్మ జారిపడ్డది, తుంటి ఇరిగింది. ఆపరేషన్‌కు రక్తం గావాలంటున్నరు. నీదీ అమ్మదీ ఒక్కటే గ్రూపు గద! జర జల్ది రా అన్నా."

రామాంజనేయులు స్కూటరు వైపు ఒక అడుగు వేశాడు. సరిగ్గా అప్పుడే పార్టీ కారు మలుపు తిరిగింది.

"అయ్యో నరేందరూ, నేను కర్నూల్లో ఉండానప్పా!"

పార్టీ ప్లాటు చూసి, ఆలోచించి చెబుతామని వెళ్ళిపోయింది. అప్పుడు నిద్రలేచింది అంతరాత్మ! జొన్నరొట్టెలు గుర్తొచ్చాయి. గబగబా స్కూటరు స్టార్ట్ చేశాడు. మళ్ళీ ఆపేశాడు. కర్నూల్లో ఉన్నవాడు అప్పుడే ఎలా ఊడిపడతాడు?

సెల్‌ఫోను నేర్పే క్రమశిక్షణ గమనించారా? అన్నమాట మీద నిలబడాలి కదా! కర్నూలు బస్సు హైదరాబాదు చేరేదాకా లింగంపల్లిలో తన ఇంట్లోనే దాక్కున్నాడు. భార్య సుష్మ పెట్టిన పప్పన్నం తిన్నాడు. పడుకుంటే కన్ను మూతపడలేదు. 'ఇప్పుడు జడ్చర్ల దాటుంటుంది' అనుకుంటూ గడియారం చూశాడు. ఇంత నిజాయితీగా ప్రయాణం చేసినవాణ్ణి మీరెక్కడైనా చూశారా?

పొద్దు వాలాక దవాఖానకు పరుగెత్తాడు. రక్తం దొరక్క ఆపరేషన్ ఆగిపోయి ఉంది. పోచమ్మ పొద్దుటి నుంచీ కాలు కదపలేక, పళ్ళు బిగబట్టి అలాగే పడి ఉంది. రక్తమిచ్చి వచ్చి మంచం పక్కన నిలబడితే, నరేందర్ "కర్నూలు నుంచి తిండి గూడ తినకుంట వచ్చినవ్ అన్నా" అంటూ అతని రెండు చేతులూ కళ్ళకద్దుకున్నాడు. ఇక నిజం చెప్పేద్దామని రామాంజనేయులు నోరు తెరిచాడు.

సెల్ మోగింది. సుష్మ.

"యాడుండారు?"

"దవాఖానలో. నరేందర్ వాళ్ళమ్మకు రక్తమిచ్చినా."

"నిన్న బ్యాంకులో ఉండానంటిరి, పేకముక్కలు కలిపే సద్దు ఇనపడె. నిజం చెప్పండి!"

ఆ సెల్‌లో అతను పలికిన మొదటి నిజం అది! నమ్మేవాళ్ళేరీ? సాక్ష్యం కోసం సెల్‌ను పోచమ్మ చెవికి ఆనించాడు. "అమ్మా, నేను యాడుండానో మా ఆమెకు నువ్వే చెప్పు."

అంత నొప్పిలోనూ ఆమె మొహం వెలిగింది. "గీడనే ఉన్నడు బిడ్డా. నీ పెనిమిటి దేవుడు! నా కోసం కర్నూలు నుంచి తిండి గూడ తినకుంట ఉరికొచ్చిండు."

"కర్నూలేందమ్మా? మధ్యాన్నం ఇంట్లోనే అన్నం తిని పండుకునె గదా!"

సన్నగా వినిపించిన ఆ మాటకు రామాంజనేయులు మంచం కమ్మీ పట్టుకున్నాడు. పోచమ్మ సెల్ తీసి అతని చేతిలో పెట్టింది.

"ఏమన్నదమ్మా?" అడిగాడు నరేందర్.

"ఏమో బిడ్డా, మాట సరిగ ఇనబడలే," అంది పోచమ్మ, రామాంజనేయులు వైపు చూడకుండా.