నీలకంఠం ప్రశ్న అడిగాడు

ఒక పెద్ద అడవిలో, అంత పెద్ద అడవికి అదొక్కటే లోటని ఎవరో అంటే, ఒక విశ్వవిద్యాలయం పెట్టారు. గేటు కట్టారు, గేటు మీద పేరు రాశారు, లోపల భవనాలు లేపారు, భవనాల్లో బెంచీలు వేశారు. చదువు ఎక్కడ జరుగుతుందని ఎవరైనా అడిగితే మాత్రం బాస్కెట్‌బాల్ కోర్టు చూపించేవారు.

కోర్టు నిజంగా చూడముచ్చటగా ఉండేది. అద్దంలాంటి నేల, చుట్టూ మెట్లు, పైన కొత్త రేకుల కప్పు. లైబ్రరీ కారుతోందని తెప్పించిన రేకులవి. లైబ్రరీలో తడిసేవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి కోర్టుకు వేసేశారు.

ఆ కోర్టుకు కోచ్ ఎలుగుబంటి గుర్నాథం. భారీ ఒళ్ళు, మెత్తటి మనసు, మెడలో ఈల. అంతకు ముందు ఆయన హాస్టల్ మెస్‌కి వార్డెన్‌గా ఉండేవాడు. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ ఆయనకు ఒళ్ళు జలదరిస్తుంది. సాంబారు పల్చగా ఉందని కుర్రాళ్ళు గిన్నెకు గిన్నె ఆయన నెత్తిన బోర్లించేవారు. బొచ్చులో ఇరుక్కున్న మునక్కాడ ముక్కలు ఏరుకోవడంతోనే సాయంత్రం గడిచిపోయేది.

ఒకరోజు వీసీ గారు పిలిపించారు. వీసీ గారంటే నెమలి. ఆయన ఏ సంతకం పెట్టినా ముందు పురి విప్పేవారు. ఫైలు ఎగిరి అవతల పడేది. అందుకే ఆఫీసులో ఏ పనీ తెమిలేది కాదు.

"గుర్నాథం, ఈ ఏడు కప్పు మనది కావాలి."

"ప్రయత్నిద్దామండి."

"ప్రయత్నం కాదయ్యా, కప్పు కావాలి. కొండమీది యూనివర్సిటీ వీసీ మీటింగుకి వస్తే కప్పు వెంట తెచ్చుకుంటున్నాడు. నా ఎదురుగా కూర్చుని అందులో టీ తాగుతున్నాడు."

"మన ఆడవాళ్ళ జట్టు ఏటా గెలుస్తూనే ఉంది కదండీ."

"నేను మగవాళ్ళ జట్టు సంగతి మాట్లాడుతున్నాను."

"అది కాదండీ, ఆ ఆడవాళ్ళకు బంతి కూడా లేదు. వెలక్కాయతో ఆడుతున్నారు. ఒక బంతి ఇప్పిస్తే..."

"వెలక్కాయతోనే గెలుస్తుంటే మళ్ళీ బంతి ఎందుకు?" అన్నారు వీసీ గారు. "నీ సంగతి చూసుకో. మెస్‌లో వార్డెన్ పోస్టు ఇంకా ఖాళీగానే ఉంది."

గుర్నాథానికి నెత్తి మీద వేడి సాంబారు పడినట్టే అయింది.

ఆయన జట్టులో నలుగురున్నారు. కోతికి బంతి దొరికితే చెట్టెక్కి కూర్చునేవాడు. కుందేలు బాగానే పరిగెత్తేవాడు గానీ బంతి లేకుండా పరిగెత్తేవాడు. దుప్పి బంతి కోసం తల వంచితే కొమ్ముకి గుచ్చుకుని బంతి తుస్సుమనేది. అడవిపంది ఆట మధ్యలో నిద్రపోయేవాడు. అయిదోవాడు కావాలి. వాడు మిగతా నలుగుర్నీ మోయగలిగినవాడు కావాలి.

వెతకగా వెతకగా అడవి అంచున, మూతబడ్డ సర్కస్ డేరా పక్కన, ఒక జిరాఫీ కనిపించాడు. ఏం చేయాలో తోచక డేరా మీద కాకుల్ని చూస్తూ నిలబడ్డాడు. పేరు నీలకంఠం. అందులో నీలం లేకపోయినా కంఠానికి మాత్రం ఏ లోటూ లేదు.

"మా యూనివర్సిటీలో చేరతావా?" అన్నాడు గుర్నాథం.

"ఏం చేయాలి సార్?"

"ఏమీ చేయక్కర్లేదు. కాస్త ఎత్తుగా ఉండు."

అలా నీలకంఠానికి సీటు వచ్చింది. ఆట కూడా సులువైపోయింది. నలుగురూ బంతి పైకి విసరాలి. నీలకంఠం నోటితో అందుకుని, మెడ కాస్త పక్కకు తిప్పి, మామిడిపండు జోలెలో వేసినట్టు బుట్టలో వేసేవాడు. వరసపెట్టి మ్యాచులు గెలిచారు. వీసీ గారు పురి విప్పి మూసుకోవడం మరిచిపోయి తలుపుల్లో ఇరుక్కుపోతున్నారు.

అయితే క్రీడా మండలికి ఒక నిబంధన ఉంది. ఆడేవాడు పరీక్షల్లో పాసవ్వాలి. దానికి లెక్చరర్లు అడ్డు చెప్పలేదు. ఒకాయనైతే ప్రశ్నపత్రం తయారవకముందే మార్కులు వేసి పంపాడు. ఒక్క ముళ్ళపంది తులసమ్మ మేడం దగ్గరే చిక్కు వచ్చింది. ఆవిడ భూగోళశాస్త్రం చెప్తుంది. ఆవిడతో వాదించబోతే కనీసం నాలుగు ముళ్ళయినా గుచ్చుకుంటాయని క్యాంపస్ అంతా దూరంగా ఉంటుంది.

"క్లాసుకు రానివాడికి నేను మార్కులు వేయను" అంది తులసమ్మ.

"వస్తాడు గానీ మేడం, వాడు గదిలో కూర్చోలేడు."

"నిలబడమనండి."

"తల కప్పుకు తగులుతుంది మేడం."

"బయట నిలబడి తల లోపల పెట్టమనండి. నాకు కావలసింది తలే."

చేసేదేం లేక గుర్నాథం నీలకంఠాన్ని తీసుకెళ్ళి కిటికీ దగ్గర నిలబెట్టాడు. "ఒరేయ్, గంటసేపు మెడ లోపల పెట్టి ఊరికే ఉండు. నిద్రొస్తే పడుకో. అందరూ చేసేదదే" అని ధైర్యం చెప్పాడు.

తులసమ్మ మేడం ఆ రోజు వాగుల గురించి చెప్తోంది. ఎన్నో ఏళ్ళుగా అదే పాఠం, అదే గొంతు. ముందు బెంచీలో ఉడతలు జడలు వేసుకుంటున్నాయి. వెనక బెంచీలో ఎవరున్నారో ఎవరికీ తెలీదు. అప్పుడు కిటికీలోంచి ఒక గొంతు వినిపించింది.

"మేడం, వాగు తిన్నగా పోవచ్చు కదా? వంకర ఎందుకు తిరుగుతుంది?"

ఉడతల చేతుల్లో జడలు సగంలో ఆగిపోయాయి. ఆ విశ్వవిద్యాలయంలో ప్రశ్న అడగడం అదే మొదలు. తులసమ్మ సుద్దముక్క జారవిడిచింది. కళ్ళు చెమర్చాయి. పట్టలేని ఆనందంతో ఒంటి మీది ముళ్ళన్నీ నిక్కబొడుచుకున్నాయి. ఉడతలు ప్రాణాలు అరచేత పట్టుకుని బెంచీల కింద దూరాయి.

గంట దాటాక నీలకంఠాన్ని ప్రాక్టీసుకి తీసుకెళ్ళడానికి వచ్చిన గుర్నాథం, గోడ పక్కన కూర్చుని కాసేపు ఎదురుచూశాడు. లోపల మేడం చెప్తూనే ఉంది. ఒడ్డు వంపు తిరిగిన చోట బయటి వైపు నీళ్ళు జోరుగా పోయి మట్టిని కోస్తాయట, లోపలి వైపు నెమ్మదించి ఇసుక వదిలేస్తాయట, అందుకే వంకర ఏటికేడు పెరుగుతుందట. గుర్నాథం ఈల నోట్లో పెట్టుకున్నాడు గానీ ఊదలేదు.

కోర్టు దారిలో నీలకంఠం అన్నాడు: "సర్కస్‌తో ఎన్ని ఊళ్ళు తిరిగానో సార్. గోడల అవతల ఏముందో నాకు అన్నీ కనిపించేవి. అవి ఎందుకలా ఉన్నాయో ఎవరూ చెప్పేవారు కాదు. ఈవిడ చెప్తోంది."

గుర్నాథానిదీ స్పోర్ట్స్ కోటా డిగ్రీయే. క్లాసు గది లోపల ఎలా ఉంటుందో ఆయన ఎప్పుడూ చూడలేదు. 'పోనీలే, మార్కులు వస్తాయి, వాడి సరదా తీరుతుంది' అనుకున్నాడు.

సరదా తీరలేదు, పెరిగింది. నీలకంఠం మెడ ఇప్పుడు ప్రతి కిటికీలోనూ కనిపించేది. కింది అంతస్తులో చరిత్ర, పై అంతస్తులో ఖగోళం ఒకే మెడతో వినేసేవాడు. ఈలోగా కప్పు కూడా ఊడిపోయిన లైబ్రరీలో పైనుంచి తల దించి పుస్తకాలు చదివేవాడు. ప్రాక్టీసులో బంతి నోట కరుచుకుని ఆగిపోయేవాడు.

"వెయ్యరా బుట్టలో!" అని అరిచేవాడు గుర్నాథం.

"వేస్తాను సార్. పైకి విసిరింది మళ్ళీ కిందికే ఎందుకొస్తుందా అని..."

"నువ్వు వదిలావు గనుక వస్తుంది! వెయ్!"

అయినా గెలుస్తూనే ఉన్నారు. ఫైనల్స్‌కి చేరారు. అవతలి జట్టు కొండమీది యూనివర్సిటీ, అయిదుగురూ అడవిదున్నలే. ఓడిపోతామని వాళ్ళకు తెలిసిపోయింది. వెంటనే ఫిర్యాదు పెట్టారు: ఆ జిరాఫీ అసలు విద్యార్థే కాదు, ఆట కోసం సర్కస్ నుంచి పట్టుకొచ్చారు, విచారణ జరపండి.

మ్యాచ్ రోజు పొద్దున్నే విచారణ సంఘం దిగింది. అధ్యక్షుడు రిటైర్డ్ జడ్జి కొంగ గారు, ఒంటికాలి మీద నిలబడి. సభ్యుడు కప్ప గారు. కొంగ గారేమన్నా "ఔనౌను" అనడమే ఆయన పని. కొంగ పక్కన కూర్చున్న కప్పకు వేరే అభిప్రాయాలు ఉండవు మరి.

గుర్నాథం మాత్రం ధీమాగానే ఉన్నాడు. నీలకంఠం విద్యార్థి కాదని ఎవడంటాడు? వాడికి తెలియనిదేముంది?

ముందు కోతిని పిలిచారు.

"ఏం చదువుతున్నావు?"

"థర్డ్ ఇయర్ సార్."

"అది సరే, ఏం చదువుతున్నావు?"

"అదే సార్, థర్డ్ ఇయర్. కిందటేడు కూడా అదే."

"మీ డిపార్ట్‌మెంట్ ఎక్కడ?"

"క్యాంటీన్ ఎదురుగా... ఒక్క నిమిషం సార్, క్యాంటీనే."

కొంగ గారు తల ఊపారు. కుందేలుని క్లాసులకు వెళ్తావా అని అడిగితే, "నా హాజరు దుప్పి పలుకుతాడు సార్" అన్నాడు. దుప్పిని అడిగితే, "నా హాజరు కుందేలు పలుకుతాడు కదా సార్" అన్నాడు. ఆ తర్వాత ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అడవిపంది నిద్ర లేవలేదు.

"ఈ నలుగురూ పక్కా విద్యార్థులు. ఇందులో అనుమానం లేదు" అన్నారు కొంగ గారు.

"ఔనౌను" అన్నారు కప్ప గారు.

అప్పుడు నీలకంఠాన్ని పిలిచారు.

"ఏమయ్యా, భూగోళశాస్త్రం చదువుతున్నానంటున్నావు. వాగు వంకర ఎందుకు తిరుగుతుంది?"

నీలకంఠం మొహం వెలిగిపోయింది. చెప్పాడు. బయటి ఒడ్డు చెప్పాడు, లోపలి ఒడ్డు చెప్పాడు. అక్కడితో ఆగలేదు. వంకర మరీ పెరిగితే వాగు తనను తాను తెంచుకుని దగ్గరి దారి పడుతుందని, విడిపోయిన వంక చెరువులా మిగిలిపోతుందని, కొంగ గారు రోజూ చేపలు పట్టే చెరువు అలా పుట్టిందేనని చెప్పాడు. చెప్పి, "మీకు వేరే అభిప్రాయం ఏమైనా ఉందా సార్?" అని అడిగాడు.

కొంగ గారు తడబడి రెండో కాలు కింద పెట్టారు. ఆయన రెండో కాలు ఉందని అప్పుడే అందరికీ తెలిసింది.

గుర్నాథం సంతోషం పట్టలేక, "చూశారా సార్! చూశారా!" అన్నాడు.

"చూశాం" అన్నారు కొంగ గారు గంభీరంగా. "ఇతనికి పాఠం వచ్చు. అర్థం కూడా తెలుసు. పైగా ఎదురు ప్రశ్న వేశాడు. నా సర్వీసులో ఇలాంటి విద్యార్థిని చూడలేదు. ఇతను విద్యార్థి వేషంలో తిరుగుతున్న లెక్చరర్. ఆటకు అనర్హుడు."

"ఔనౌను."

"లెక్చరర్లకు మాత్రం ఇంత తెలుసా సార్?" అని గుర్నాథం లబలబలాడాడు. అప్పటికే కొంగ గారు ఎగిరిపోయారు.

మ్యాచ్ మొదలైంది. నీలకంఠం స్థానంలో ఆఖరి నిమిషంలో ముంగిసని దింపారు. జట్టుకు మాత్రం కొత్త ఆట నేర్చుకునే టైము లేదు. కోతి బంతి అందుకోగానే అలవాటుగా పైకి విసిరాడు. నలుగురూ మెడలెత్తి అక్కడ ఉండాల్సిన నోటి కోసం చూశారు. బంతి తిన్నగా వచ్చి గుర్నాథం నెత్తిన పడింది. మళ్ళీ విసిరారు. మళ్ళీ పడింది. అడవిదున్నలు తాపీగా బుట్టలో వేసుకుంటూ పోయాయి. స్కోరు కొట్టే వడ్రంగిపిట్టకు ముక్కు నొప్పెట్టి మధ్యలోనే సెలవు పెట్టింది.

వీసీ గారి పురి ఆ సాయంత్రానికి దానంతటదే ముడుచుకుపోయింది. మర్నాడు పాలకమండలి కూర్చుని ఇలాంటి దుర్ఘటన మళ్ళీ జరగకుండా చర్యలు తీసుకుంది. క్లాసు కిటికీలన్నీ పలకలు కొట్టి మూసేయమన్నారు. పాఠం అర్థమయ్యేలా చెప్పినందుకు తులసమ్మకు మెమో ఇచ్చారు. నీలకంఠం లెక్చరరని జడ్జి గారే తేల్చేశారు కాబట్టి కాదనలేక ఉద్యోగం ఇచ్చారు. ఖాళీ లేదు గనుక జీతం మాత్రం ఇవ్వలేదు. గుర్నాథం మెస్‌కి వెళ్ళాడు.

మొదటి రోజే ఒక గిన్నె బోర్లించారు. సాయంత్రం ఆయన వంటింటి బయట మెట్టు మీద కూర్చుని బొచ్చు దులుపుకుంటుంటే నీలకంఠం వచ్చి పైనుంచి తల దించాడు. ఆయనకు అందని చోట ఇరుక్కున్న మునక్కాడ ముక్కలు పెదాలతో జాగ్రత్తగా ఏరసాగాడు.

"ఒరేయ్, ఆ రోజు ఒక్క ప్రశ్నకు తెలీదని చెప్పి ఉంటే ఏం పోయేదిరా?" అన్నాడు గుర్నాథం.

"తెలిసింది తెలీదని చెప్పడం మాకింకా రాలేదు సార్. అది పీజీలో నేర్పుతారట."

గుర్నాథానికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. కాసేపయ్యాక గొంతు తగ్గించి, "అవున్రా, అలా తెగిపోయిన వంక చెరువైందన్నావే, మరి అందులోకి చేపలెలా వచ్చాయి?" అన్నాడు.

నీలకంఠం ఏరడం ఆపాడు. చుట్టూ చూసి, వంటింటి తలుపు మెల్లగా దగ్గరికి నెట్టి, "నెమ్మదిగా అడగండి సార్, ఎవరైనా వింటారు" అన్నాడు.

నీతి: విశ్వవిద్యాలయంలో ఏం చేసినా చెల్లుతుంది, చదువుకుంటూ మాత్రం దొరక్కూడదు.